ప్లాస్టర్ మీద పేరు

దయ్యం కథ ఎవరు చెప్పినా నేను అడిగేది ఒక్కటే: "మళ్లీ చేసి చూపిస్తావా?" చూపించలేకపోతే ఆ కథ అక్కడితో సరి. పదిహేడేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను. ఎవరైనా వచ్చి "స్క్రీన్ ఒక్కసారిగా తెల్లగా అయిపోయింది మేడం, నా కళ్లతో చూశాను" అంటే మేం దాన్ని నమ్మం. ఏ బటన్ నొక్కావు, ఎన్నిసార్లు నొక్కావు, ఫొటో తీశావా, పక్కన ఎవరున్నారు, అన్నీ చెప్పాలి. చెప్పలేకపోతే "మళ్లీ జరగలేదు" అని రాసి మూసేస్తాం.

మా ఇంట్లోనూ దయ్యాలకు చోటు లేదు. మాది క్రైస్తవ కుటుంబం. అమ్మ సర్కారు దవాఖానలో నర్సు. మార్చురీ పక్క గదిలో కూర్చుని తీరిగ్గా టీ తాగిన మనిషి. "చచ్చినోళ్లతోని ఏం ఫికర్ బిడ్డా, బతికున్నోళ్లే పరేషాన్ చేస్తరు" అనేది. నేనూ అదే నమ్ముకుని పెరిగాను.

కాబట్టి దీన్ని ఒక టెస్టర్ రాసుకున్న రిపోర్టు అనుకోండి. తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు రాస్తున్నాను. పేర్లు మాత్రం మార్చాను.

ముందు అమ్మ అలవాటు ఒకటి చెప్పాలి. ఇంట్లో ప్రతి వస్తువు మీదా తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి పేరు రాసేది. గాయాలకు కట్టు కట్టాక పైన అంటిస్తారే, ఆ ప్లాస్టరే. వార్డులో సీసాల మీద రోగుల పేర్లు అలాగే రాస్తారు. ఇంటికొచ్చాక కూడా ఆమె చెయ్యి ఊరుకునేది కాదు. టిఫిన్ డబ్బా, గొడుగు, నీళ్ల సీసా, ఆఖరికి నా రిబ్బన్ల పెట్టె కూడా. కత్తెర వెతుక్కునే ఓపిక లేక ముక్కను పంటితో చింపేది. అంచులకు దారాలు వేలాడేవి. దాని మీద నీలం బాల్‌పెన్నుతో పేరు, తరగతి, కింద ఒక గీత, గీత చివర ఒక చుక్క. చుక్క ఎందుకమ్మా అంటే "రాసుడు అయిపోయిందని" అనేది.

"పేరుంటే వస్తువు యాడికి పోయినా ఇంటికొస్తది." ఇది ఆమె మాట. బళ్లో నా గొడుగు రెండుసార్లు పోయి రెండుసార్లూ తిరిగొచ్చింది కాబట్టి నేను కాదనలేదు.

ఇంకో అలవాటు కూడా ఉంది. డ్యూటీ దిగేముందు ప్రతి మంచం దగ్గరా ఆగి "ఏమన్న చెప్పేదుందా?" అని అడిగేది. నొప్పో, నిద్ర పట్టకపోవడమో, ఏదుంటే అది చెప్పుకోమని. ఇంట్లో కూడా అంతే. నాకు జడ వేస్తూ అడిగేది. పెళ్లయి నేను వెళ్తుంటే గేటు దగ్గర అడిగింది. నాలుగేళ్ల క్రితం తనే రోగి అయి మంచాన పడ్డప్పుడు, ఇంక రెండు రోజులకు పోతుందనగా, మళ్లీ నన్నే అడిగింది. "ఏమన్న చెప్పేదుందా బిడ్డా?" అని. అలవాటైన నోరు కదా అనుకున్నాను. "ఏం లేదమ్మా, నువ్వు పడుకో" అన్నాను.

ఇక కార్డు సంగతి.

ముప్పై ఒక్క ఏళ్ల కింద మేం మూసాపేటలో, ఒకే వాకిట్లో నాలుగు పోర్షన్లున్న ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. నాకు పదకొండేళ్లు. తమ్ముడు శామ్యూల్‌కు తొమ్మిది. ఎదురు పోర్షన్లో శీను. వాడిదీ శామ్ వయసే, అదే తరగతి, అదే బెంచీ. వాళ్ల నాన్న గోడౌన్లో హమాలీ. శామ్, శీను ఒకే కంచం ఒకే మంచం అన్నట్టుండేవాళ్లు. నేను మాత్రం వాళ్లకు ఎప్పుడూ అడ్డమే.

నాన్న ఫ్యాక్టరీలో ఫిట్టర్. అక్కడ కొత్త మిషను బిగించడానికి జపాన్ నుంచి ఒక ఇంజనీరు వచ్చి మూడు నెలలున్నాడు. నాన్న ఆయన పక్కనే ఉండి పనిచేశాడు. వెళ్లిపోయే రోజు ఆయన తన పర్సులోంచి ఒక బేస్‌బాల్ కార్డు తీసి, నీ కొడుక్కివ్వు అని సైగ చేశాడట. అరచేతిలో పట్టే అట్టముక్క. తెల్ల డ్రెస్సు మీద నీలం గీతల ఆటగాడు, బ్యాటు భుజం మీద, ఎడమకాలు గాల్లో. వెనక అంతా జపాన్ అక్షరాలు. బేస్‌బాల్ అంటే ఏంటో మాకు తెలియదు. క్రికెట్టే అనుకుని, బ్యాటు రోకలిబండలా ఎందుకుందని శామ్, శీను మూడు రోజులు కొట్టుకున్నారు.

అమ్మ యథాప్రకారం దాని వెనక ప్లాస్టర్ అంటించి "శామ్యూల్, 4బి" అని రాసింది.

నాకేం తేలేదేంటి అని నాన్నను అడిగాను. "ఆడపిల్లవు, నీకెందుకే బ్యాటు బొమ్మ" అన్నాడు. నిజానికి నాకా బొమ్మ అక్కర్లేదు. వాళ్లిద్దరూ తలకాయలు ఆనించుకుని దాన్ని చూస్తూ, నేను వెళ్తే దాచేసేవాళ్లు. అదీ నా కడుపుమంట.

ఒక శనివారం పొద్దున పోర్షన్లలో ఎవరూ లేరు. శామ్ కంపాస్ పెట్టె తీశాను. కార్డు మూత సందులో ఇరుక్కుంది. లాగాను. పై కుడి మూల చిరిగి ఊడొచ్చింది. గోరంత ముక్క. అంతే, నాకు నాన్న బెల్టు గుర్తొచ్చింది. వాకిట్లో స్నానాల నీళ్లు కాగుతున్న కట్టెల పొయ్యి ఉంది. కార్డు, ముక్క, రెండూ అందులో వేసేశాను.

అది కాలడం మొత్తం చూశాను. ముందు ప్లాస్టర్ బుడగలా పొంగి నల్లబడింది, రబ్బరు కాలిన కంపు కొట్టింది. తర్వాత కార్డు ముడుచుకుంది. ఆటగాడి మొహం ఆఖరున పోయింది. పుల్లతో పొడిచి బూడిద చేశాను. టెస్టర్ బుద్ధి అప్పుడే ఉన్నట్టుంది.

సాయంత్రం శామ్ ఇల్లంతా పీకి పందిరేశాడు. ఎవరు ముట్టుకున్నారని నాన్న అడిగాడు. నేనన్నది మూడే మాటలు. "శీను తీసిండేమో నాన్నా."

ఆ మూడు మాటలు వాకిలి దాటి శీను వాళ్ల నాన్న చెవిన పడ్డాయి. దొంగ అనే మాట ఆయన తట్టుకోలేకపోయాడు. చేతికందిన ఇత్తడి గరిటెతో కొట్టాడు. శీను ఎడమ కనుబొమ పగిలింది. అమ్మే పరుగెత్తుకెళ్లి గాయం కడిగి ప్లాస్టర్ వేసింది. నేను తలుపు చాటున నిలబడి చూశాను. నోరు విప్పలేదు.

శామ్ బెంచీ మారిపోయాడు. శీనుతో మళ్లీ మాట్లాడలేదు. రెండు నెలలకు వాళ్లు ఆ పోర్షను ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఇందులో వింతేం లేదు. పిల్లలు చేసే వెధవ పనుల్లో ఇదొకటి అనుకుంటూ నేను పెద్దదాన్నయ్యాను.

నాలుగేళ్ల కింద మా ఆఫీసు నానక్‌రామ్‌గూడలో కొత్త టవర్‌కు మారింది. మొదటి రోజు లాబీలో సెక్యూరిటీ సూపర్‌వైజర్ నా ఐడీ కార్డు చూసి "గుడ్ మార్నింగ్ మేడం" అన్నాడు. చొక్కా మీద శ్రీనివాస్ అని ఉంది. ఎడమ కనుబొమ మధ్యలో వెంట్రుకలు లేని గీత. ఒక్క చూపులో గుర్తుపట్టాను. అతను పట్టలేదనుకున్నాను.

మర్నాటి నుంచి లాబీ మానేశాను. నాకు కారు లేదు. మెట్రోలో రాయదుర్గం దాకా వచ్చి షేర్ ఆటో ఎక్కేదాన్ని. అయినా కార్లు దిగే ర్యాంప్ మీద కాలినడకన బేస్‌మెంట్లోకి దిగి, అక్కడ లిఫ్ట్ ఎక్కేదాన్ని. వెనక నుంచి కార్లు హారన్లు కొట్టేవి. నలభై రెండేళ్ల మనిషిని, ఇరవై మందికి మేనేజర్ని, మూడేళ్లు ఇలా దొంగదారిన ఆఫీసుకు వెళ్లాను. ఛీ, నా బతుకు అని రోజూ తిట్టుకునేదాన్ని, రోజూ దిగేదాన్ని.

ఇక జపాన్. పోయిన ఏడాది జూన్‌లో రెండు వారాల పని మీద నన్నూ, మా టీములో కిరణ్‌నీ నగోయా పంపారు. కిరణ్‌ది భీమవరం. మంచి కుర్రాడు, ఒక్కటే జబ్బు. ఏ ఆటదైనా సరే కార్డులు పోగేస్తాడు. ఒక శనివారం మధ్యాహ్నం భోజనం చేసి వస్తుంటే ఎక్కడో బోర్డు చూసి ఆగిపోయాడు.

"మేడం గారూ, అయిదు నిమిషాలండి. ఇలా చూసి అలా వచ్చేద్దామండి."

అతని అయిదు నిమిషాలు ఎంతసేపో నాకు తెలుసు. కానీ సన్నగా వాన పడుతోంది, గొడుగు ఒక్కటే ఉంది, అదీ అతని చేతిలో. సరే పద అన్నాను.

స్టేషన్ వెనక సందు. కింద ఇస్త్రీ షాపు, పైన ఈ కార్డుల షాపు. మెట్లు ఎంత ఇరుకంటే పైనుంచి ఒకరొస్తే మనం వెనక్కి దిగాలి. లోపల కొత్తగూడ చౌరస్తాలో జిరాక్స్ షాపంత జాగా. గోడల నిండా తాళాలేసిన అద్దాల బీరువాలు, అందులో గట్టి ప్లాస్టిక్ డబ్బీల్లో ఖరీదైన కార్డులు. రేడియోలో ఏదో ఆట కామెంటరీ చిన్నగా వస్తోంది. కౌంటర్ వెనక డెబ్బై ఏళ్లుండే పెద్దాయన, ఏప్రన్ కట్టుకుని, కళ్లద్దాలు నుదుటి మీదకు నెట్టుకుని ఉన్నాడు. ప్రతి కార్డుకూ ప్లాస్టిక్ తొడుగు, తొడుగు మూలన చిన్న ధర స్టిక్కర్. ఈ తొడుగు, స్టిక్కర్ సంగతి గుర్తుపెట్టుకోండి.

కిరణ్ బీరువాలకు అతుక్కుపోయాడు. నేను బల్ల ముందు స్టూలు మీద కూర్చున్నాను. బల్ల మీద పొడుగాటి తెల్ల అట్టపెట్టెలు, వాటి నిండా చవక కార్డులు. చేతులు ఊరికే ఉండవు కదా, బియ్యంలో రాళ్లేరినట్టు ఒక్కొక్కటే తిప్పుతున్నాను.

మూడో పెట్టె మధ్యలో అది కనబడింది. తెల్ల డ్రెస్సు, నీలం గీతలు, ఎడమకాలు గాల్లో. ముందు నవ్వొచ్చింది. అరె, శామ్ కార్డు లాంటిదే, ఫొటో తీసి వాడికి పంపాలి అనుకున్నాను. అప్పుడు చూశాను, దానికి పై కుడి మూల లేదు. గోరంత.

వెనక్కి తిప్పాను. తెల్ల ప్లాస్టర్. అంచులకు దారాలు. నీలం బాల్‌పెన్ను. శామ్యూల్, 4బి. కింద గీత. గీత చివర చుక్క.

కేకలు పెట్టలేదు, కళ్లు తిరగలేదు. నేను చేసిన మొదటి పని టైము చూసుకోవడం. మూడూ నలభై రెండు. రెండో పని కిరణ్‌ని పిలవడం. ఏమీ చెప్పకుండా చేతికిచ్చి చదవమన్నాను.

"శామ్యూల్, నాలుగు బి... ఇదేంటండీ, తెలుగు! ఎవరండీ ఈ శామ్యూల్?"

అతను చదివాడంటే అది నా కళ్లలో లేదు, కార్డు మీదే ఉంది. రెండు వైపులా ఫొటో తీయించాను. ఫొటో ఇప్పటికీ ఇద్దరి ఫోన్లలోనూ ఉంది.

కార్డు పెద్దాయనకు చూపించాను. ఫోన్లో అనువాదం పెట్టుకుని మాట్లాడుకున్నాం. ఆయన కళ్లద్దాలు దించుకుని చాలాసేపు చూశాడు. తల అడ్డంగా ఊపాడు. ఇది మా షాపుది కాదు అన్నాడు. తొడుగు లేదు, స్టిక్కర్ లేదు, ఇలా చిరిగినదాన్ని, ఏదో అంటించినదాన్ని తాను పెట్టెలో పెట్టనే పెట్టడు. ఆ పొద్దునే అన్ని పెట్టెలూ సర్దాడట. కార్డులో మాత్రం వింతేం లేదన్నాడు. ఒకప్పుడు చిప్స్ పొట్లాలతో వచ్చేవట, బోలెడున్నాయట. సొరుగులోంచి సరిగ్గా అలాంటివే రెండు తీసి చూపించాడు. వాటికి తొడుగు ఉంది, స్టిక్కర్ ఉంది, నాలుగు మూలలూ ఉన్నాయి.

మాదికానిది అమ్మలేను అన్నాడు. ఎవరో మర్చిపోయి ఉంటారు, పోలీసులకు అప్పజెప్పాలి అన్నాడు. వాళ్ల పద్ధతి అది. తర్వాత ప్లాస్టర్ మీద వేలు పెట్టి ఏం రాసుందని అడిగాడు.

"మా తమ్ముడి పేరు. మా అమ్మ రాసింది" అని టైపు చేసి చూపించాను.

రెండుసార్లు చదువుకున్నాడు. నా మొహం చూశాడు. ఎప్పుడు రాసిందని, ఇక్కడికెలా వచ్చిందని, ఒక్క ముక్క అడగలేదు. కొత్త తొడుగు తీసి కార్డు అందులో పెట్టి, తల వంచి, రెండు చేతులతో నాకిచ్చాడు. అమ్మ బతికుండి ఆ దుకాణంలో ఉంటే మెచ్చుకునేది. పేరుంది, ఇంటికి పంపేశాడు.

తర్వాత వారం రెండుసార్లు ఒక్కదాన్నే అక్కడికి వెళ్లాను. షాపు మాయమైపోలేదు. ఇది అలాంటి కథ కాదు. షాపు ఉంది, పెద్దాయన ఉన్నాడు, రేడియో మోగుతోంది. ఆయన అనుమతితో అన్ని పెట్టెలూ మొదటి నుంచి చివరి దాకా తిప్పాను. ప్లాస్టర్ ఉన్న కార్డు ఇంకొకటి లేదు.

హోటల్ గదిలో కూర్చుని ఒక్కొక్క కారణమే రాసుకుని కొట్టేశాను. కిరణ్ తమాషా చేశాడా? అతనికి నాకు తమ్ముడున్నాడనే తెలియదు. శామ్ దగ్గర్నుంచి ఎవరైనా తెలుసుకుని చేశారా? మూల చిరిగిన సంగతి శామ్‌కే తెలియదు. చిరిగిన నిమిషానికి అది పొయ్యిలో ఉంది. ఆ చిరుగు ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు.

చివరికి ఒక్కటి మిగిలింది. నేను కార్డు కాల్చనే లేదు. భయంలో ఇంకేదో అట్టముక్క కాల్చి, అసలుది ఎక్కడో పడేసి, అదే కాల్చానని ముప్పై ఏళ్లు నమ్మాను. దొరికినవాళ్ల చేతులు మారి మారి అది నగోయా చేరింది. వినడానికి దరిద్రంగానే ఉంటుంది, కానీ జరగొచ్చు. మనిషి జ్ఞాపకం కంటే చేతిలో ఉన్న వస్తువు గట్టి సాక్ష్యం. అలా రాసుకున్నాక నిద్ర పట్టింది.

హైదరాబాద్ వచ్చాక అమ్మ గొడుగు, శామ్ పాత టిఫిన్ డబ్బా మూత ముందు పెట్టుకుని చేతిరాత పోల్చాను. అదే గీత, అదే చుక్క. తేడా ఒక్కటే. గొడుగు మీది ప్లాస్టర్ పచ్చబడి ముట్టుకుంటే రాలిపోతోంది. కార్డు మీది తెల్లగా, మెత్తగా, ఇప్పుడే పంటితో చింపినట్టుంది.

ఆదివారం చర్చి అయ్యాక కొత్తగూడలో శామ్ ఇంటికి వెళ్లాను. వాడు బళ్లో లెక్కల మాస్టారు. కార్డు చేతిలో పెట్టాను. బొటనవేలితో ప్లాస్టర్ తడిమాడు.

"అమ్మ రాత" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "యాడ దొరికిందక్కా?"

చెప్పాను. పొయ్యి సంగతి, మూడు మాటల సంగతి, ర్యాంప్ సంగతి, అన్నీ. వాడు కార్డు బల్ల మీద పెట్టేశాడు.

"కార్డు పోతే పాయె అక్కా. శీనుగాడు పాయె గద నాకు" అన్నాడు. "మూడేండ్ల సంది రోజు వాడున్న ఆఫీసుకే పోతున్నవ్. నాకొక్క మాట చెప్పలే. పోయి వాడికి చెప్పు. చెప్పేదాక నా ఇంటికి రాకు."

మా మధ్య ఇంత గట్టి మాట ఎప్పుడూ లేదు. ఉన్న ఒక్క తమ్ముడు. అమ్మా నాన్నా లేరు. మెట్లు దిగుతుంటే ఏడుపు ఆగలేదు.

సోమవారం మూడేళ్లలో మొదటిసారి లాబీ నుంచి వెళ్లాను. "శ్రీనివాస్, జర మాట్లాడేదుంది" అన్నాను. పదకొండింటికి బ్రేక్ ఉంటది మేడం అన్నాడు. గేటు బయట టీ బండి దగ్గర నిలబడ్డాం. కార్డు చేతికిచ్చాను.

"శీనూ, నేను శామ్ వాళ్ల అక్కను. దీన్ని నువ్వు తియ్యలే. నేనే పొయ్యిల కాల్చిన. నిన్ను దొంగను చేసిన."

అతను టీ గ్లాసు బండి మీద పెట్టాడు. కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎర్కే అక్కా" అన్నాడు. "కానీ గిది కాలిపోయింది గద. గిదెట్లొచ్చింది?"

నాకు అర్థం కాలేదు. కాలిందని నీకెట్ల తెలుసు అన్నాను.

"చూసిన. మన వాకిట్ల జామచెట్టు ఉండె గద, దాని మీదున్న నేను. మీరు పొయ్యి కాడ కూసున్నరు. ప్లాస్టర్ బుడగ లెక్క పొంగింది. ఎన్క పుల్ల తీస్కొని పొడిచిండ్రు."

బుడగ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. శామ్‌కూ చెప్పలేదు. నగోయాలో రాసుకున్న ఆఖరి కారణం ఆ టీ బండి దగ్గర పోయింది. కార్డు కాలింది. చూసినవాళ్లం ఇద్దరం.

"మరి చెప్పలేదేంది శీనూ?"

"చెప్పకేం? మా నాయనకు చెప్పిన. నర్సమ్మ బిడ్డ మీద చాడీలు చెప్తవారా అని ఇంకో రెండు పీకిండు." నవ్వాడు. కనుబొమ మీద వేలు పెట్టుకున్నాడు. "గిది అప్పటిదే. మీ అమ్మక్కూడ చెప్పిన. ప్లాస్టర్ ఏస్తుంటె చెప్పిన, అక్కనే కాల్చిందని. ఏమనలే. చెయ్యి మాత్రం ఆగింది. జరసేపైనంక మళ్ల ఏసింది."

అతనే మళ్లీ అన్నాడు.

"మీరు ర్యాంప్ మీంచి దిగుడు రోజు కెమెరాల చూస్త అక్కా. ఎందుకు దిగుతున్నరో నాకెర్కే. అయినా కార్లొచ్చే తోవ, పైలం గద. మా పిలగాళ్లకు చెప్పిన, మేడం వస్తె కార్లాపుండ్రి అని."

క్షమించు అన్నాను. ఆ మాట ఎంత చిన్నదో అన్నాక తెలిసింది. కార్డు నువ్వే ఉంచుకో అంటే వద్దని తిరిగిచ్చేశాడు.

"పేరు శామ్‌ది గద. వాణ్నే తెచ్చియ్యమను."

ఆ శనివారం శామ్ తనే తీసుకెళ్లాడు. నేను వెళ్లలేదు. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ చెప్పలేదు, నేను అడగలేదు. సాయంత్రం శామ్ ఫోన్ చేశాడు. "తిన్నవా అక్కా?" అన్నాడు, అంతే. ఇప్పుడు కార్డు శీను ఇంట్లో ఉంది. ప్లాస్టర్ ఇంకా పచ్చబడలేదట.

కార్డు నగోయా ఎలా చేరిందో నాకు తెలియదు. బూడిదైనది మళ్లీ కార్డెలా అయిందో తెలియదు. నా రిపోర్టులో కారణం రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. పదిహేడేళ్లలో నేను మూయలేకపోయింది ఇదొక్కటే. దయ్యాల్ని ఇప్పటికీ నమ్మను. దీన్ని ఏమనాలో కూడా తెలియదు.

తెలిసింది ఒక్కటే. అమ్మకు తెలుసు. శీను కనుబొమ మీద ప్లాస్టర్ వేసిన రోజు నుంచి పోయే దాకా, ఇరవై ఏడేళ్లు తెలుసు. నన్ను ఒక్కసారి కూడా నిలదీయలేదు. జడ వేస్తూ, గేటు దగ్గర, ఆఖరికి ఆ మంచం మీద, నేనే చెప్తానేమోనని అడుగుతూనే ఉంది.

నేనేమో "ఏం లేదమ్మా, నువ్వు పడుకో" అన్నాను.